అడుగున్నర గట్టు

నా చేనుకీ మా తోటికోడలి చేనుకీ మధ్య ఉన్న గట్టు వెడల్పు అడుగున్నర. ఒకప్పుడు మూడడుగులు ఉండేది. మిగతా అడుగున్నర ఎవరు తిన్నారని అడిగితే ఆవిడేనని నేను చెబుతాను, నేనేనని ఆవిడ చెబుతుంది. నిజం మాత్రం నేను చెప్పేదే. దుక్కి దున్నిన ప్రతిసారీ పార పట్టుకుని, అరచేతి మందాన గట్టు చెక్కుకుంటూ పోయింది ఆ మహాతల్లి. తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు పారతో సహా పట్టుకున్నాను. కలుపు చెక్కుతున్నానంది. కలుపు నీ వైపే మొలిచిందా, నా వైపు మొలవడానికి మొహమాటపడిందా అని అడిగాను. ఆ తరవాత మేం అనుకున్న మాటలు కాగితం మీద పెట్టేవి కావు. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు, మధ్యలో పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

మా ఆయనా, బావగారూ ఒక తల్లి బిడ్డలే. మా మామగారు పోతూ పోతూ ఎనిమిదెకరాలు చెరి సగం పంచి, మధ్యలో గట్టు పోయించారు. పంచడం ఆయన వంతు, పోట్లాడుకోవడం మా వంతు. మగవాళ్ళిద్దరికీ ఈ తగువుతో సంబంధం లేనట్టే ఉండేవారు. మా ఆయనైతే నోట్లో నాలుక లేని మనిషి. వ్యవసాయం మీద ఆయనకి ఏనాడూ మనసు లేదు. ఊరి చివర దాణా మిల్లు ఉంది. దాని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చే లారీలకి చీటీలు రాసి ఇచ్చే ఉద్యోగం కావాలి ఆయనకి. పొలం ఆ మిల్లు కంపెనీకే కౌలుకి ఇచ్చేద్దామని వారానికోసారి అనేవారు. మొక్కజొన్నకి ధర ఉన్నంతకాలం ఆ మాట ఎత్తనని ఒట్టు వేయించుకున్నాను. ధర పడిపోతే మాత్రం నేను అడ్డు చెప్పకూడదని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు.

పుట్టింట్లో నేను ఫలానావాళ్ళ అమ్మాయిని. అత్తింట్లో ఫలానావాడి పెళ్ళాన్ని. ఆ నాలుగెకరాల్లో అడుగు పెడితే మాత్రం నేను నేనే. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ సాలులో విత్తనం ఆలస్యంగా లేస్తుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అది పోతే నాకు మిగిలేది వంటిల్లు, ఆ వంటింట్లో నేనంత గొప్పదాన్నేమీ కాదు.

ఇక మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కోతల ముందు వ్యవసాయ కార్యాలయం నుంచి ఒకాయన వచ్చి దిగుబడి కొలుస్తాడు. కొలతలాయన అంటాం. చేలో ఎక్కడ కొలవాలో చీటీలో అంకెలు చూసి తేలుస్తాడు. అటూ ఇటూ అయిదేసి మీటర్లు టేపుతో కొలిచి, నాలుగు మేకులు దిగ్గొట్టి, చుట్టూ తాడు కడతాడు. ఆ చదరంలో ఉన్న పొత్తులన్నీ విరిచి, ఒలిచి, గింజ తూచి, దాన్నిబట్టి ఎకరానికి ఎంతో లెక్క కడతాడు. ఆ చదరంలో ఒక్క పొత్తు ఎక్కువ పడితే ఎకరానికి పదహారు కిలోలు పెరిగినట్టే. ఎవరిది ఎక్కువో వాళ్ళ వివరం కార్యాలయం గోడ మీద బోర్డులో రాస్తారు, ఒక మందు కొట్టే పంపు బహుమతిగా ఇస్తారు. తొమ్మిదేళ్ళలో అయిదుసార్లు ఆవిడ, నాలుగుసార్లు నేను. మా ఇద్దరి ఇళ్ళలోనూ కలిపి చూస్తే పంపుల దుకాణం పెట్టుకోవచ్చు.

ఈ గెలుపులన్నీ దొంగ గెలుపులే. అబద్ధమెందుకు. పొలంలో పనికి వెళ్ళేటప్పుడు మొగుళ్ళ పాత చొక్కాలు తొడుక్కుంటాం, వదులుగా ఉంటాయి. వాటి కింద పొత్తులు దాచుకుని, వంగి కుప్ప సర్దుతున్నట్టు సర్ది, అందులో కలిపేయడం ఇద్దరికీ అలవాటే. కొలతలాయనకీ తెలుసు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంటే ఆయన కూడా కళ్ళు మూసుకునేవాడు. ఎవరికీ నష్టం లేదు, పంపు ఎవరింటికి వెళితే ఏమిటి అనుకునేవాడు కాబోలు.

ఆ ఏడాది మాత్రం కొలతలకి ముందురోజే మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, ఈసారి బహుమతి లేదమ్మా అన్నాడు. మన దేశం, చుట్టుపక్కల అయిదు దేశాలు కలిసి కూటమి కట్టాయట. ఒకరి సరుకు ఒకరి దేశంలోకి సుంకం లేకుండా రావాలని ఒప్పందమట. మొక్కజొన్న విషయంలో మాత్రం ఒక మినహాయింపు పెట్టుకున్నారు. ఏ ప్రాంతంలో ఎకరానికి ఇరవై అయిదు క్వింటాళ్ళ లోపు పండుతోందో, అక్కడి మార్కెట్లలో పక్క దేశాల సరుకు మీద సుంకం ఇంకో పదేళ్ళు ఉంచుతారు. అంతకు మించి పండించేవాళ్ళకి ఆ కంచె అక్కర్లేదు, వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నిలబడగలరని లెక్క. మా ప్రాంతంలో పది పొలాలకి చీటీ పడింది, అందులో మావి రెండు. పక్క దేశం నుంచి ఒకావిడ స్వయంగా వచ్చి పక్కన నిలబడి చూస్తుందట.

"ఉన్నది ఉన్నట్టు తూస్తే చాలమ్మా. మీకు ఇరవై మూడో, ఇరవై నాలుగో వస్తుంది. తగ్గించనూ వద్దు, పెంచనూ వద్దు. మీ గొప్పలు వచ్చే ఏడాదికి దాచుకోండి."

అలాగే అన్నాను. లేచి వెళుతూ, మా తోటికోడలి ఇంటికి వెళితే తాళం వేసి ఉందని, ఈ సంగతి ఆవిడకి కూడా నన్నే చెప్పమన్నాడు. దానికీ అలాగే అన్నాను. ఆయన మోటారు సైకిలు సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆవిడ ఇల్లు మా ఇంటికి పాతిక అడుగుల దూరం. తలుపు తీసి, పాతిక అడుగులు నడిచి, రెండు మాటలు చెబితే సరిపోయేది. సాయంత్రం ఆవిడ తిరిగొచ్చి తాళం తీసిన చప్పుడు కూడా విన్నాను. నేను మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. తొమ్మిదేళ్ళు బిగపట్టుకున్న నోరు నేనే ముందు విప్పితే, ఆవిడ ఊరంతా తిరిగి తన కాళ్ళ మీద పడ్డానని చెప్పుకుంటుంది. కార్యాలయం వాళ్ళ పని నేనెందుకు చెయ్యాలి, కావాలంటే ఆ కొలతలాయనే మళ్ళీ వచ్చి చెప్పుకుంటాడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా ఆయన అంతా విని, రేపు నువ్వైనా చేతులు కట్టుకుని కూర్చో అన్నారు. కూర్చుంటానన్నాను. నిజంగానే అనుకున్నాను.

మర్నాడు పొద్దున ముందు ఆవిడ చేలో దిగారు. నేను గట్టుకి ఇవతల నా చేలో కొడవలి పట్టుకుని పని ఉన్నట్టు తిరుగుతున్నాను. పక్క దేశపావిడ వెడల్పాటి టోపీ పెట్టుకుని, చేతిలో పుస్తకంతో నిలబడింది. ఆవిడ భాష మాకు రాదు, కొలతలాయనే అటూ ఇటూ చెబుతున్నాడు. మా తోటికోడలు బావగారి గళ్ళ చొక్కా తొడుక్కుని వచ్చింది. ఆ చొక్కా చూడగానే నాకు అర్థమైపోయింది. అంతకు ముందు రోజు సన్నగా ఉన్న మనిషి తెల్లారేసరికి ఏడో నెల కడుపుతో వచ్చినట్టుంది. కుప్ప దగ్గర వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. లేచిన ప్రతిసారీ కడుపు తగ్గుతోంది. టోపీ ఆవిడ అప్పుడు తాడు చుట్టూ తిరుగుతూ మేకులు లెక్కపెట్టుకుంటోంది.

నేను అరిచి చెప్పవచ్చు. గట్టు మీదికి ఎక్కి, ఒసేయ్ అక్కా, ఈసారి వద్దే అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను. పాపం తెలియక చేస్తోందన్న జాలి గుండెలో ఒక మూల ఉంటే, చెయ్యనీ, రేపు ఊరంతా దాని మొహాన ఉమ్మేస్తుందన్న సంతోషం మిగతా మూలలన్నీ ఆక్రమించింది. నా మొక్కజొన్నా అదే మార్కెట్‌లో అమ్మాలన్న సంగతి ఆ నిమిషంలో గుర్తు రాలేదంటే మీరు నమ్మరు. మీ నమ్మకంతో నాకు పని లేదు.

తూకం అయింది. ఇరవై కిలోలు. ఎకరానికి ముప్పై రెండు క్వింటాళ్ళని కొలతలాయన రాసుకున్నాడు. ఆయన మొహం మాడిపోయింది. ఆవిడ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, గట్టుకి ఇవతల ఉన్న నన్ను చూసింది. నవ్వలేదు. పెదవి ఒక పక్కకి తిప్పింది, అంతే. ఆ పెదవి తిప్పడం తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. దుకాణంలో, బస్సులో, పెళ్ళిళ్ళలో, ఆస్పత్రి వరండాలో కూడా.

నా చేలోకి దిగే ముందు వాళ్ళు చెట్టు నీడన కూర్చుని టీ తాగారు. నేను పాక దగ్గరికి వెళ్ళాను. పాక మీద ఎండబెట్టుకోవడానికి వారం ముందు విరిచి ఉంచిన పొత్తులు ఉన్నాయి. నేను ఎందుకు వెళ్ళానో నా కాళ్ళకి తెలుసు, నాకే తెలియనట్టు నటించాను. పెద్ద బుట్ట అడుగున అరవై అయిదు పొత్తులు పేర్చాను. ఆవిడలాగా పొట్ట కింద దాచుకునే తెలివితక్కువ పని చెయ్యలేదు. పైన ఒక గోనె పట్టా పరిచి, ఆ బుట్టతోనే చదరంలోకి దిగాను. పొత్తులు విరిచి బుట్టలో వేసుకోవడం, తెచ్చి కుప్ప పోయడం. మొదటి బుట్టలోనే పని అయిపోయింది.

కొలతలాయన చెట్లు లెక్కపెట్టాడు, నూట యాభై. పొత్తులు లెక్కపెట్టాడు, రెండు వందల పదిహేను. ఒక పొత్తు చేతిలోకి తీసుకుని పొట్టు గిల్లి చూశాడు. చేలో పొత్తుకి ఇంకా పచ్చదనం ఉంటుంది, వారం ఎండింది గలగలమంటుంది. దాన్ని కుప్పలో పడేసి, టోపీ ఆవిడకి వినపడకుండా నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఇది పంపు కోసం కాదు. నిన్న అరగంట కూర్చుని చెప్పాను. ఇంకా తూకం వెయ్యలేదు. ఎండినవి ఏరి పక్కన పెట్టేయండి, నేను అటు తిరిగి నిలబడతాను."

గట్టు మీద మా తోటికోడలు నిలబడి ఉంది. రెండు చేతులూ కట్టుకుని చూస్తోంది. ఇప్పుడు వంగి పొత్తులు ఏరితే ఏమవుతుందో నాకు కనిపిస్తోంది. దొంగతనం పట్టుబడి, కొలతలాయన చేత చివాట్లు తిని, కుప్పలోంచి దొంగ పొత్తులు ఏరుకున్న తోటికోడలు. ఆవిడ బతికున్నంత కాలం చెప్పుకునేది.

"కొన్ని చెట్లకి రెండేసి కాశాయి. మీరు తూచండి," అన్నాను.

ఇరవై ఒక్క కిలోలు. ముప్పై నాలుగు క్వింటాళ్ళు. గట్టు మీద ఆవిడ చేతులు విప్పేసి వెళ్ళిపోయింది. ఆ నడక చూస్తుంటే నాకు కలిగిన సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదు. అయిదు నిమిషాలు ఉందేమో ఆ సంతోషం.

తరవాత ఇంకో కాగితం తీశారు. ఈ పంటకి ఏమేమి పెట్టారు, ఎన్ని బస్తాల యూరియా, మోటారు ఎన్ని గంటలు, కూలీలు ఎన్ని రోజులు. ఎంత పండిందన్నదే కాదట, ఎంత పెట్టి ఎంత తీశారన్నది కూడా ఆరు దేశాల మధ్యా పోల్చి చూస్తారట. మా తోటికోడలు ఎకరానికి ఎంత యూరియా అని చెప్పిందని కొలతలాయన్ని అడిగాను. మూడు బస్తాలన్నాడు. మేమిద్దరం వేసింది అయిదేసి. ఒకే లారీలో దిగాయి, నేను లెక్కపెట్టాను కూడా.

"నేను రెండే వేశాను," అన్నాను. మోటారు గంటలు కూడా సగానికి కోసేశాను.

టోపీ ఆవిడ పుస్తకంలో భాగహారం చేసుకుని, మళ్ళీ చేసుకుని, నా మొహంలోకి చూసింది. కొలతలాయన తల వంచుకుని ఆవిడ మాట నాకు చెప్పాడు. వాళ్ళ దేశంలో అయిదు బస్తాలు వేస్తే ముప్పై క్వింటాళ్ళు వస్తాయట. రెండు బస్తాలతో ముప్పై నాలుగు తీసినవాళ్ళని ఆవిడ ఇంతవరకూ చూడలేదట. నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. ఆవిడ అరచేతులు కూడా నా చేతుల్లాగే కాయలు కాసి ఉన్నాయి. ఆ మనిషి కూడా ఎక్కడో చేలో పని చేసిందే. చెయ్యి లాక్కోబుద్ధి అయింది గానీ, మా తోటికోడలు తన పాక గుమ్మంలోంచి చూస్తోందని ఇంకాస్త సేపు ఊపనిచ్చాను.

కోత అయి, గింజ సంచుల్లోకి ఎక్కేసరికి ఫలితం వచ్చింది. కొలతలాయన ఒక నున్నటి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఆరు దేశాలకి ఆరు రంగుల గీతలు. ఎరువు బస్తాకి ఎక్కువ గింజ తీసిన ప్రాంతం ఆరు దేశాల్లోకీ మాదేనట. ఆ రోజు టోపీ ఆవిడ తీసిన ఫొటోలో నా బుట్ట కూడా ఉంది. ఇక ఎకరం దిగుబడి చూస్తే, పది పొలాల సరాసరి ఇరవై అయిదు క్వింటాళ్ళ ముప్పై కిలోలు. మిగతా ఎనిమిదిమందికీ ఇరవై మూడుకి కాస్త అటూ ఇటూ వచ్చిందట. అందరూ ఉన్నది ఉన్నట్టు తూపించుకున్నారు. ఇద్దరి కుప్పల్లో కలిపి ఒక్క ఇరవై పొత్తులు తగ్గినా గీత కిందే ఉండేవాళ్ళమని చెప్పి, ఆయన మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వెళ్ళాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. అంత తెలిసినవాడు ఆ రోజు తూచనని ఎందుకు భీష్మించుకోలేదు?

సుంకం ఎత్తేశారు. పదిహేను రోజుల్లో మార్కెట్ యార్డులో పక్క దేశపు లారీలు బారులు తీరాయి. రేకుల షెడ్డు కింద ఒక పక్క మా సంచులు, ఒక పక్క వాళ్ళ గుట్ట. వాళ్ళ గింజ అంతా ఒకే సైజు, ఒకే రంగు, మట్టి బెడ్డ లేదు. వ్యాపారి ఆ గుట్టలో చెయ్యి పెట్టి గింజలు జారవిడుస్తూ, వాళ్ళ ధర చెప్పాడు. నిరుడు ఇచ్చినదానిలో మూడో వంతు కోసేసిన ధర. అందులో కనీసం విత్తనం ఖర్చు కూడా మిగలదని నేను గొడవ పెట్టుకున్నాను.

"రెండు బస్తాలతో ముప్పై నాలుగు పండించేవాళ్ళకి కూడా గిట్టదా అమ్మా? పుస్తకంలో మీ బుట్ట చూశాను," అన్నాడు.

నా చుట్టూ మిగతా ఎనిమిదిమందిలో నలుగురు ఉన్నారు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. వాళ్ళు తమ సంచుల మీద కూర్చుని నన్ను చూస్తూ ఉండిపోయారు.

బయటికి వచ్చాక ఆ లారీల డ్రైవరు ఒకడు చక్రం పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. మా భాష వచ్చీ రాకుండా మాట్లాడుతున్నాడు. మీ దేశంలో అంత చవగ్గా ఎలా పండిస్తారురా అని మీద పడ్డాను. పాపం, వాడేం చేస్తాడు. వాళ్ళ యజమానికి రెండు వందల ఎకరాలట, ఒకే ముక్క. మిషను పొద్దున ఒక చివర దిగితే మధ్యాహ్నానికి రెండో చివర తిరుగుతుందట. మరి గట్లు ఎలా దాటుతుందని అడిగాను. గట్లు ఎందుకని వాడు నన్ను అడిగాడు.

మా ఆయన ఆ రాత్రి ఒట్టు సంగతి ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. మూడో రోజు అన్నం తింటూ, కంపెనీవాళ్ళతో మాట్లాడానన్నారు. వాళ్ళకి నాలుగెకరాలు చిన్న ముక్కట, మిషను తిరగదట. ఎనిమిదీ కలిపి ఇస్తే అయిదేళ్ళకి తీసుకుంటారట. అన్నయ్య ఒప్పుకున్నాడు అన్నారు.

అన్నయ్య ఎప్పుడు ఒప్పుకున్నాడు, ఎక్కడ ఒప్పుకున్నాడు అని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ఈ అన్నదమ్ములు తొమ్మిదేళ్ళుగా బస్టాండు పక్క క్షౌరశాలలో రోజూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మా ఇద్దరికీ భయపడి ఇంట్లో నోరెత్తలేదు. మేం బయట కత్తులు నూరుతుంటే వీళ్ళు లోపల గడ్డాలు గీయించుకుంటున్నారు. కంచం విసిరి కొట్టాను. నేనూ ఒట్టు వేశాను కదా అన్నారు మెల్లిగా, నువ్వూ వేశావు కదా అన్నారు. నోట్లో నాలుక లేని మనిషి అన్నాను చూడండి, ఉంది.

కంపెనీ ట్రాక్టరు వచ్చిన రోజు వెళ్ళకూడదనుకున్నాను. కాళ్ళు ఆగలేదు. నేను వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే తన వైపు నిలబడి ఉంది. ఈసారి బావగారి చొక్కా లేదు. తొడుక్కోవడానికి పనేముంది? ట్రాక్టరు ముందున్న ఇనప రేకు గట్టుని ఒక చివర నుంచి తోసుకుంటూ వస్తోంది. తొమ్మిదేళ్ళుగా మేం తొక్కి గట్టిపరిచిన మట్టి రెండు నిమిషాల్లో పిండి పిండి అయిపోతోంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ ముందు ఏడవడమెందుకని దగ్గినట్టు దగ్గాను.

కొలతల రోజు నుంచీ ఒక ముల్లు నన్ను లోపల గుచ్చుతోంది. ఆవిడకి తెలియదు, నాకు తెలుసు. చెప్పమన్నా చెప్పలేదు. ఇప్పుడు ఆ ముల్లు తీసి ఆవిడకి గుచ్చితే సగం నొప్పి తగ్గుతుందనిపించింది. క్షమించమని అడగడానికి కాదు. ఆవిడ మొహం ఎలా మారుతుందో చూడాలని.

"కొలతలకి ముందురోజు ఆయన నాతో అంతా చెప్పాడు. నీకు చెప్పమన్నాడు. నేనే చెప్పలేదు," అన్నాను.

ఆవిడ మొహం మారలేదు. అదే పెదవి, అదే పక్కకి తిప్పింది.

"నాకు తెలుసు. మీ ఆయన మా ఆయనకి చెప్పాడు, మా ఆయన నాకు చెప్పాడు."

"తెలిసే కలిపావా?"

"నువ్వు ఊరుకుంటావా? నేను కలపకపోతే నువ్వు కలపవా? నీ చేను నా చేను కంటే ఎక్కువని ఆరు దేశాల పుస్తకంలో అచ్చేస్తే నేను చూస్తూ కూర్చోవాలా?"

"నేను కలపకూడదనే అనుకున్నాను. నీది చూశాకే కలిపాను."

"అబద్ధం. పాక మీద పొత్తులు వారం ముందే విరిచి పెట్టుకున్నావు. నేను చూశాను."

అవి ఇంట్లోకి విరుచుకున్నవని చెబితే నమ్మే మొహం కాదది. అవతలున్నది నేనైనా నమ్మను. ఇక మొదలైంది. తొమ్మిదేళ్ళ సరుకు ఇద్దరం ఒక్కసారి దింపుకున్నాం. ఆస్పత్రి వరండా, పెళ్ళిలో కుర్చీ, మా అత్తగారి పెట్టె తాళం, కలుపు పార, అన్నీ. తన కన్ను ఒకటి పోయినా ఎదుటివాడి రెండు కళ్ళూ పోవాలనుకునే రకమని ఆవిడ నన్నంది. మరి నీ కన్ను ఎక్కడుందే అన్నాను. ట్రాక్టరు దగ్గరికొచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఇద్దరం గట్టు మీద నిలబడి ఉన్నామని అప్పటికి గాని తెలియలేదు. ఎటువాళ్ళం అటు దిగాం. మధ్యలోంచి రేకు వెళ్ళిపోయింది.

దుమ్ము అణిగాక కంపెనీ సర్వేయరు టేపు పట్టుకుని వచ్చాడు. పడుచువాడు, నెమ్మదస్తుడు. అయిదేళ్ళ తరవాత పొలం తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరిది ఎక్కడిదాకానో కాగితంలో ఉండాలని, పాత హద్దు ఎక్కడో చూపించమని అడిగాడు. మా ముందు వెడల్పాటి, చదునైన నల్లమట్టి. మూల నుంచి మూలకి ఒకే చేను. ఎంత బాగుందో చెప్పుకోవడానికి సిగ్గేసింది. మిషను ఎంత సుఖంగా తిరుగుతుందో ఆ మట్టిని చూస్తేనే తెలుస్తోంది.

నేను వెళ్ళి, కాలి మడమతో ఒక చోట గీత గీశాను. ఇక్కడ అన్నాను.

మా తోటికోడలు వచ్చింది. నా గీత వంక చూసింది. దాన్ని దాటి నా వైపుకి వచ్చి, ఇక్కడ అని తన మడమతో ఇంకో గీత గీసింది.

సర్వేయరు రెండు గీతల మధ్యా టేపు పెట్టి చూశాడు. అడుగున్నర. ఇద్దరి మొహాల్లోకీ చూశాడు. మేమిద్దరం ఎవరి గీత మీద వాళ్ళం కదలకుండా నిలబడ్డాం. అతను టేపు చుట్టి జేబులో పెట్టుకుని, అవసరం పడదులెండి అని ట్రాక్టరు వైపు నడిచాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆవిడ కదిలితే వెళదామని నేను నిలబడ్డాను. నేను కదిలితే వెళదామని ఆవిడ నిలబడింది.